మజ్జిగ గ్లాసు

నాన్నగారండీ,

మీరు పోయాక మన మైకుసెట్టు పంచాయతీ ఆఫీసు ముందు పెట్టడం ఇవాళే మొదలండి. కొల్లేట్లో మనవాళ్ల చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు కొట్టేస్తారట. వద్దని తీర్మానం చేయడానికి సభ పెట్టారు. ఊరంతా ఒకటే మాట మీద ఉంది. వలలు అల్లే సుబ్బయ్య బాబాయి మాత్రం లేచి మైకు అందుకున్నారు.

"గట్లు పోతేనే మంచిదండి. ఎందుకంటే..."

ఎవరూ తిట్టలేదు. మనవాళ్లకు తిట్టడం రాదు కదండీ. "ఎండన పడి వచ్చారు, ముందు కూర్చోండి బాబాయిగారూ" అన్నారు ప్రెసిడెంటుగారు. నేనే గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి చేతికిచ్చాను. ఆయన దాహం తీర్చడానికి కాదండి. ఆ వణికే చేతులతో గ్లాసు పట్టుకోవాలంటే మైకు వదలాలి. వదిలారు. దాన్ని ప్రెసిడెంటుగారికి అందించాను. తీర్మానం అయిపోయింది, చప్పట్లు కొట్టారు.

మీరైతే ఆయన పక్కన నిలబడి, చెప్పడం అయ్యేదాకా మైకు మీరే పట్టుకునేవారు.

నేను వైర్లు చుడుతుంటే బాబాయి దగ్గరికొచ్చారు. గ్లాసు నిండుగానే ఉంది. తలెత్తి చూడలేకపోయాను.

"తాగలేదు నాయనా," అన్నారు మెల్లగా. "మాట మధ్యలో ఉన్నాను కదా."