వేరే పెట్టిన గ్లాసు

నల్లగొండ, 8-9-1999

జానమ్మకు గుర్వయ్య రాయించేది ఏమంటే, నేను పానంతోని మంచిగున్న, ఫికర్ పడకు.

నాకు టీబీ లేదు. తెమడ, ఎక్సురే రెండుమాట్ల చూసిన్రు, సాఫున్నయి. ఏడాది సంది నెత్తురు పరీక్షల ఈఎస్ఆర్ ఎక్కువ వస్తాందనే అందరు టీబీ అనుకున్నరు. మొన్న దవాఖాన బల్ల మీద నేను కూసునే నిద్రపోతే, గురక నడుమ ఊపిరి ఆగుడు కొత్త డాక్టరు చూసిండు. నిద్రల గట్ల మాటిమాటికి ఊపిరాగితే ఒంట్లోపల వాపు పుడ్తదని, అది నెత్తుర్ల గిట్ల కనవడొచ్చని చెప్పిండు. మంద కాడ నా గురక ఆగితే, తోడేలు అలికిడికి మేల్కొన్ననుకొని మనోళ్లు కట్టెలు పట్టుకొని లేసెటోళ్లు గదా, అదే ఇది. ఎల్లకిల పండొద్దు, కల్లు బంజెయ్యుమన్నడు. గొంగడి ముడి వీపుకు కట్టుకొని పక్కకు పంటున్న.

చూలు గొర్రె ఈనిందా? కవరు గాకుండ కార్డే రాయించిన, పోస్టాయన మన అరుగు మీద గట్టిగ సదివితే వాడకట్టంత ఇంటదని. బయట సాయబాన్ల వేరే పెట్టిన నా తలె, గ్లాసు లోపటి గిన్నెలల్ల కలుపు. మనుమరాలికి దీవెనలు. ఐతారం వస్తున్న, ఈసారి దాన్ని నా ఒళ్లెకు రానియ్యి.

గుర్వయ్య