బొట్టు పెట్టిన ఉత్త డబ్బా

ఇన్వర్‌కార్గిల్, అక్టోబర్ 2019, ఆయుధపూజ

కారు తాళాలు, మా అమ్మాయి సుధ స్టెతస్కోపు, నా కుట్టుకత్తెర. పూజపీట మీద వాటి పక్కనే అల్లుడుగారు తుపాకీ మేగజైన్ కూడా పెట్టి బొట్టు పెట్టారు. కుందేళ్ళ వేటకని కొన్న తుపాకీని పోయిన నెలే పోలీసులకు అప్పగించి వచ్చిన మనిషి, ముప్పై తూటాలు పట్టే ఈ ఇనప పెట్టెను మాత్రం దాచుకున్నారన్నమాట.

"ఇదీ ఇచ్చెయ్యాలి కదా బాబూ?" అన్నాను.

"గన్నే లేనప్పుడు ఇది ఉత్త డబ్బా అత్తయ్యా. గవర్నమెంట్ మరీ ఓవర్ చేస్తోంది. రేపు డబ్బాలన్నీ బ్యాన్ చేస్తారా?"

"ఉత్త డబ్బాకి ఆయుధపూజ ఎందుకు మరి? నా పోపుల డబ్బాకి చెయ్యలేదే!"

సుధ నవ్వాపుకుంది. ఆయన నవ్వలేదు. బొట్టు తుడిచి, దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టేశారు.

పాతికేళ్ళు బడిలో పౌరశాస్త్రం చెప్పాను, ఇంట్లో ఒక్క మనిషికి చెప్పలేకపోయాను. మళ్ళీ నింపే పని లేకుండా వరసగా పేల్చనిచ్చేది ఆ డబ్బాయే కాబట్టి, మార్చిలో మసీదుల్లో కాల్పుల తర్వాత ఈ దేశం తెచ్చిన చట్టం దాని వెంట పడింది. డిసెంబరు గడువు దాటితే అది ఇంట్లో ఉండటమే నేరం. ఇక్కడి సిటిజెన్‌షిప్‌కి అప్లై చేసి కూర్చున్న మనిషికి ఆ మాత్రం తెలియదా?

శనివారం పోలీసులు ఇలాంటివి మళ్ళీ తీసుకుంటారట. నేనే ఇచ్చొస్తాను, కారులో తీసుకెళ్ళమంటే సుధ, "ఆయన అలుగుతారమ్మా" అంది.

అలగనీ. అలిగిన అల్లుణ్ణి బతిమాలుకోవడం నాకు వచ్చు. కేసు మెడకు చుట్టుకున్న అల్లుడికి సిటిజెన్‌షిప్ నేనెక్కణ్ణుంచి తేను?