నియమావళిలో లేని సెలవు

ఫిబ్రవరి 2, సోమవారం. అమలాపురం.

ఈ రోజు నుంచి నియమావళి ప్రకారం బతుకుతాను!

పరిశోధక విద్యార్థుల ఉపకారవేతన నియమావళి. నాకు ఐదో ఏడు నడుస్తోంది. మొదటిసారి పూర్తిగా చదివాను. ఇన్నాళ్ళూ చదివింది మాధవి. చదివి, అందులో నాకు కావలసింది చెప్పేది. మాధవి నా భార్య. జూన్‌లో పోయింది. జ్వరం.

లే అనేవాళ్ళు, తిను అనేవాళ్ళు, రాశావా అని అడిగేవాళ్ళు ఇంట్లో లేరు. నియమావళి అడుగుతుంది.

అసలు సంగతి: ఈ నెల 27న సమీక్షా సంఘం కూర్చుంటుంది. ఐదో అధ్యాయం చూపించాలి. లేకపోతే ఉపకారవేతనం ఆగిపోతుంది. దాంతో చదువూ ఆగిపోతుంది. ఐదో అధ్యాయంలో ప్రస్తుతం ఉన్నది శీర్షిక: ‘కొబ్బరి పీచు పనిలో స్త్రీలు, ఇంటి నిర్ణయాలు’.

తీర్మానాలు:
రోజుకు ఎనిమిది గంటలు పరిశోధన.
రోజుకు రెండు పేజీలు.
జీతానికి వేరే పని చేయరాదు.
సెలవు పెట్టరాదు. (ఈ విద్యా సంవత్సరపు సెలవులు జూన్‌లోనే అయిపోయాయి.)
సమాచారం ఇచ్చేవారికి అబద్ధం చెప్పరాదు. ఇది సులువు. నేనెప్పుడు చెప్పాను కనుక!

మైదాపిండి ఉడకబెట్టి నియమావళిని గోడకు అంటించాను. పొద్దున్నంతా పట్టింది. పరిశోధన కిందే రాసుకున్నాను.

ఫిబ్రవరి 3

ఐదున్నరకు లేచాను! నడక, స్నానం, ఉప్మా. ఉప్మా కూడా నేనే. ఉండ కట్టింది. తిన్నాను.

మా గైడు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఫోన్ చేశారు.

“ఐదో అధ్యాయానికి కొత్తగా చెయ్యాల్సిందేముందయ్యా? రికార్డింగులు ఉన్నాయి కదా. విను, రాయి.”

ఉన్నాయి. పీచు షెడ్డులో ఆడవాళ్ళు నా ముందు నోరు విప్పేవారు కాదు. మాధవి అడిగేది, వాళ్ళు చెప్పేవారు, నేను బయట పీచు తీసే కొబ్బరి డొక్కల గుట్ట మీద కూర్చునేవాణ్ణి. ఆ మాటలన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయి. పెన్‌డ్రైవు బీరువాలో ఉంది.

“రికార్డింగు సరిగా వినపడట్లేదండి,” అన్నాను.

గైడు సమాచారం ఇచ్చేవారి కిందకు రారు. నియమం తప్పలేదు.

నిర్ణయం: మళ్ళీ వెళ్ళి అన్నీ నేనే అడుగుతాను. కొత్త సమాచారం, కొత్త అధ్యాయం!

ఫిబ్రవరి 5

బండి మీద రాజోలు వైపు. తాతబ్బాయి గారి పీచు షెడ్డు. మోటారు రాట్నాలు అలాగే గోల పెడుతున్నాయి. ఆడవాళ్ళు నడుముకు కట్టిన ఒడిలో పీచు పెట్టుకుని, వెనక్కి నడుస్తూ తాడు పేనుతున్నారు.

అందరిలోకీ పెద్దావిడ రత్నం. మాధవి ఆవిణ్ణి పిన్ని అనేది. అప్పటినుంచి ఆవిడ నన్ను అల్లుడుగారు అంటుంది. పరిశోధన పద్ధతుల్లో దీనికి పేరు లేదు.

“రండి అల్లుడుగారూ! ఎన్నాళ్ళకి! అమ్మాయేదండీ?”

“పుట్టింటికి వెళ్ళిందండి. ఆలమూరు.”

నేను అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

“ఫోనూ ఎత్తట్లేదండీ ఆవిడ,” అంది నాగదుర్గ. షెడ్డులో అందరికంటే చిన్నది, అందరికంటే గట్టి గొంతు.

“ఫోన్ మార్చిందండి.”

నోటుబుక్కు తీశాను. మొదటి ప్రశ్న: కూలి డబ్బు ఇంట్లో ఎవరి చేతికి ఇస్తారు?

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అయ్యన్నీ అమ్మాయికి చెప్పేం కదండీ,” అంది రత్నం పిన్ని. “ఆవిడొచ్చేక ఆవిణ్ణే అడగండి.”

సేకరించిన సమాచారం: లేదు. ఇచ్చిన సమాచారం: రెండు అబద్ధాలు.

ఫిబ్రవరి 6

పేజీలు: సున్నా. కానీ నిన్నటి ప్రయాణం క్షేత్ర పర్యటన. రెండు పేజీలకు సమానం.

సాయంత్రం దొరబాబు గారి అబ్బాయికి ఇంగ్లీషు చెప్పాను. ఆయన మా ఇంటి ఓనరు. ఒక గెల కొబ్బరిబొండాలు పంపారు. ఇది జీతమా? నియమావళిలో బొండాల ప్రస్తావన లేదు. తాగాను.

ఫిబ్రవరి 9

మళ్ళీ షెడ్డు. ఈసారి అంతా చెప్పేద్దామనే వెళ్ళాను.

బండి స్టాండు వేయకముందే నాగదుర్గ అందుకుంది. “మేష్టారూ, మా దగ్గర దాస్తారేంటండీ? మేం కనిపెట్టేసేం!”

స్టాండు మీద కాలు అలాగే ఉంచాను.

“మే నెలాఖర్లో చూసేం ఆవిణ్ణి. ఇంతకాలం ఏ ఆడపిల్ల పుట్టింట్లో ఉంటాదండీ? ఫోనెత్తదు, ఊసు లేదు. పురిటికే కదండీ వెళ్ళింది!”

షెడ్డంతా నవ్వింది. రత్నం పిన్ని నవ్వలేదు. పీచు పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, “దిష్టి తగుల్తాదని చెప్పలేదులెండి. మంచి పని చేసేరు,” అంది.

కాదని చెప్పాలి. ఒక్క మాట. తాతబ్బాయి గారు వచ్చి నా చేతికి టీ ఇచ్చి, “కంగ్రాట్సండీ,” అన్నారు.

టీ తాగి వచ్చేశాను.

ఫిబ్రవరి 11

నియమావళి మళ్ళీ చదివాను. ప్రసూతి సెలవు ఉంది. పరిశోధకురాలికి, వేతనంతో సహా, నెలల తరబడి. తండ్రికీ కొన్ని రోజులున్నాయి. అంటే పీచు షెడ్డు లెక్క ప్రకారం నాకు సెలవు వస్తుంది. ఉన్న లెక్క ప్రకారం రాదు.

జూన్‌లో యూనివర్సిటీ సెక్షన్‌కు ఫోన్ చేశాను. గుమాస్తా జోజి గారు మంచి మనిషి. కాగితాలన్నీ తిరగేశారు.

“భార్య పోతే అని విడిగా ఏం లేదండి. ఉన్న సెలవుల్లోంచే వాడుకోవాలండి. కాలు విరిగితే మెడికల్ సర్టిఫికెట్ మీద ఇస్తారండి. కాలేమైనా…?”

“బాగానే ఉందండి.”

“అయ్యో,” అన్నారు జోజి గారు.

ఈ రోజు పేజీలు: సగం. అందులో సగం కొట్టేశాను.

ఫిబ్రవరి 13

షెడ్డుకు వెళ్ళలేదు. షెడ్డే వచ్చింది. అమలాపురం వచ్చే తాళ్ళ లారీలో డ్రైవరు చేతికి స్టీలు క్యాను ఇచ్చి పంపారు. సున్నుండలు. “బాలింత కాకముందే తినాలంటండి. ఆలమూరు మిమ్మల్నే పట్టుకెళ్ళమన్నారండి,” అన్నాడు.

క్షేత్రంలో కానుకలు తీసుకోరాదు. తిప్పి పంపితే కారణం చెప్పాలి.

రాత్రి రెండు తిన్నాను. నెయ్యి బాగా పోశారు.

ఫిబ్రవరి 16

లేచింది: ఎనిమిది దాటాక. కొన్ని పదాలు సవరించుకున్నాను.
మంచం మీద పడుకోవడం: పునరాలోచన.
అరుగు మీద కూర్చోవడం: పరిశీలన.
పేపరు చదవడం: గ్రంథపఠనం.
సున్నుండలు: సమాచార విశ్లేషణ.

ఈ లెక్కన ఎనిమిది గంటలు నిండాయి. పేజీలు మాత్రం పదాలు మార్చినా రావట్లేదు.

పెన్‌డ్రైవు తీశాను. లాప్‌టాప్ తెరిచాను. ఛార్జింగు లేదు. హమ్మయ్య.

ఫిబ్రవరి 18

సెలవు కోరాను. దరఖాస్తుదారు నేనే, గైడు నేనే, శాఖాధిపతి నేనే. కారణం: అనారోగ్యం. ముగ్గురం చర్చించి మంజూరు చేశాం.

గోడ మీద నియమావళి ఒక మూల ఊడింది. మైదా చీమలు తిన్నాయి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

సాయంత్రం నాగదుర్గ ఫోన్.

“మేష్టారూ, ఆదివారం మాకు సెలవు కదండీ. అందరం ఆటో మాట్లాడుకున్నాం. ఆలమూరు వెళ్ళి ఆవిణ్ణి చూసొచ్చేస్తాం. అత్తారి వీధి పేరు చెప్పండి.”

“ఇప్పుడెందుకండీ… ఎండలు…”

“ఫిబ్రవరిలో ఎండలేటండీ! రత్నమ్మగారు పాత మెత్తచీరలు ఉతికి, చింపి, మడతలెట్టేరు. చంటిబిడ్డకి కావాలి కదండీ. ఉండండి, ఆవిడ మాట్లాడతారంట.”

రత్నం పిన్ని గొంతు. “అల్లుడుగారూ, మా అమ్మాయికి పుల్లటివి పడతన్నాయా? ఉసిరికాయ పచ్చడి పెట్టేను.”

“పడుతున్నాయండి,” అన్నాను.

ఆదివారం వాళ్ళు ఆలమూరులో ఆటో దిగుతారు. తలుపు మా అత్తగారు తీస్తారు.

ఫిబ్రవరి 21, శనివారం

పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. రాట్నాలు తిరుగుతున్నాయి. గుమ్మం పక్కన పచ్చడి జాడీ, తెల్లగా ఉతికిన గుడ్డల మూట సిద్ధంగా ఉన్నాయి.

రత్నం పిన్ని ముందు నిలబడి, “మాధవి ఆలమూరులో లేదండి. జూన్‌లో పోయింది,” అన్నాను.

మోటారు హోరు. ఎవరికీ వినపడలేదు. “ఏటండీ?” అని నాగదుర్గ వెళ్ళి స్విచ్చి ఆపింది. నేను అది గమనించలేదు. ఊపిరి పీల్చి గట్టిగా అరిచాను.

“మాధవి చచ్చిపోయిందండి!”

ఏ చప్పుడూ లేని షెడ్డులో.

నాగదుర్గ గోడకు ఆనుకుని కూలబడింది. రత్నం పిన్ని ఒడిలోని పీచు తీసి కింద పెట్టింది.

“ఎప్పుడండీ?”

“ఎనిమిది నెలలయింది. జ్వరం.”

“పెద్దకార్యం చేసేరా?”

“ఆలమూరులో చేశామండి.”

“పిన్నిని కదండీ నేను. చావు కబురు వింటే తలమీద నీళ్ళు పోసుకోవాలి కదండీ. ఎనిమిది నెల్లు, నీళ్ళు పోసుకోకుండా తిరిగేను. పూజలు చేసేను. పచ్చళ్ళు పెట్టేను.”

తిట్టలేదు. లేచి షెడ్డు వెనక కుళాయి దగ్గరికి నడిచింది. ఒక్కొక్కరే అందరూ లేచి వెళ్ళారు.

తాతబ్బాయి గారు పరిగెత్తుకొచ్చారు. “ఏటే, పనాపేసేరు? సోమారం మండపేటకి లోడెళ్ళాలి! ఎవరు పోయేరు?”

“మా అమ్మాయండి,” అంది రత్నం పిన్ని.

“నీకు పిల్లలెక్కడున్నారే?”

“ఉందండి. పోయింది.”

ఆయన నా వైపు చూశారు. గొణుక్కుంటూ వెళ్ళి నీళ్ళ మోటారు వేశారు.

అందరూ కట్టుబట్టలతోనే తలస్నానం చేశారు. రత్నం పిన్ని చెంబు నా చేతికిచ్చింది.

“మీరూ పోసుకోండి.”

“నేను జూన్‌లోనే చేశానండి.”

“చేసేరు లెండి. నిన్నటిదాకా పుట్టింట్లోనే ఉంది కదండీ మీకు. పుల్లటివి కూడా తింటంది. పోసుకోండి.”

పోసుకున్నాను. చల్లగా ఉన్నాయి.

తుడుచుకోవడానికి ఏమీ లేదు. ఆవిడ గుమ్మం దగ్గర మూట విప్పింది. మెత్తటి గుడ్డలు, తలా ఒకటి పంచింది.

ఫిబ్రవరి 23, సోమవారం

వెళ్ళకూడదనుకున్నాను. పిన్నే ఫోన్ చేయించింది. “అమ్మాయి మాటలు మిషన్లో పట్టేరు కదండీ. పట్టుకు రండి. మేమూ వింటాం.”

మధ్యాహ్నం అన్నాల వేళ రాట్నాలు ఆపారు. లాప్‌టాప్ పీచు కట్ట మీద పెట్టాను. ఛార్జింగు నిండా ఉంది. వంక దొరకలేదు.

మాధవి గొంతు. “పిన్నీ, అన్నాలు తిన్నారా? ఇవాళేం కూర?”

ఇది ప్రశ్నావళిలో లేదు. ప్రతి రికార్డింగూ ఇలాగే మొదలైంది.

“బెండకాయ పులుసని చెప్పేను చూడండి,” అని రత్నం పిన్ని ముందే అంది. లోపల ఆవిడ గొంతు అదే చెప్పింది. అందరూ నవ్వారు. నేను పీచు దుమ్ము కళ్ళల్లో పడిందన్నాను. అక్కడ దుమ్ము ఎప్పుడూ ఉంటుంది.

తరువాత నాగదుర్గ రికార్డింగు. కూలి డబ్బు ఎవరి చేతికి ఇస్తావు? “మా ఆయనకే ఇచ్చేస్తానండి. అంతా.”

“ఆపండాపండి!” అంది నాగదుర్గ. “అది అబద్ధమండీ. బయట మీరు కూర్చున్నారని అలా చెప్పేను. సగం మా అమ్మ దగ్గర దాస్తాను. మాధవిగారికి తర్వాత చెవిలో చెప్పేను.”

“నేనూ అంతేనండి,” అన్నారు ఇంకెవరో.

మొత్తం షెడ్డు ఒప్పుకుంది. సమాచారం ఇచ్చేవారు పరిశోధకుడికి అబద్ధం చెప్పరాదని నియమావళిలో ఎక్కడా లేదు. వెతికాను.

ఐదో అధ్యాయం మొదలైంది. ఈ రోజు పేజీలు: ఏడు!

ఫిబ్రవరి 27

సమీక్షా సంఘం. ముగ్గురు, ఏసీ గది, జీడిపప్పు. అధ్యాయం చదివారు. అంతా కాదు, కానీ ఉందని నమ్మారు.

“ప్రశ్నలు అడిగింది ఎవరు?” అన్నారు మధ్యలో కూర్చున్నాయన.

“నా భార్యండి.”

“మరి ‘ఇది పూర్తిగా నా సొంత కృషి’ అని సంతకం చేశారే?”

“ఆ వాక్యం అచ్చు వేసే ఇచ్చారండి.”

ఉపకారవేతనం కొనసాగుతుంది. షరతు: వాక్యం మార్చాలి. నెల రోజుల్లో సహాయకురాలి అంగీకార పత్రం, ఆమె సంతకంతో, జతపరచాలి.

“ఆమె లేరండి,” అన్నాను. రెండోసారి అరవనక్కర్లేకపోయింది.

ముగ్గురూ నియమావళి తిరగేశారు. “అయితే దగ్గరి బంధువు పెట్టొచ్చు,” అన్నారు. “మీరు తప్ప. మీరు లబ్ధిదారులు.”

మార్చి 2, సోమవారం

పత్రం పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. రత్నం పిన్ని పీచు చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. సంబంధం అన్నచోట నాగదుర్గ రాసింది: పిన్ని.

“రేపొకసారి భోజనానికి రండి అల్లుడుగారూ,” అంది పిన్ని. “ఆ పచ్చడి జాడీ ఇప్పేద్దాం. అమ్మాయి కోసమే పెట్టేను. మనవే తినాలి.”

“రేపు రాసుకోవాలండి. సెలవులు లేవు.”

“ఎవరిస్తారండీ సెలవు?”

చెప్పాను. గైడు, శాఖాధిపతి, సెక్షన్.

“ఆయ్. నేనిచ్చేను, రండి.”

ఇంటికి వచ్చి మళ్ళీ మైదా ఉడకబెట్టాను. ఈసారి చీమల మందు కలిపాను. నియమావళి మళ్ళీ గోడకెక్కింది. ఎల్లుండి నుంచి ఐదున్నరకే లేస్తాను! ఎనిమిది గంటలు! రెండు పేజీలు! మానను!

రేపు సెలవు. కారణం: భార్య మరణం. మంజూరు చేసినవారు: రత్నం.