వానొస్తేనే స్టార్టయ్యే బండి

క్రేనెక్కి నదిని చూస్తూ కూర్చున్న శ్రీవారికి,

మీ ఉత్తరం సామాన్ల లారీ డ్రైవరు తెచ్చిచ్చాడు. వంతెన సగం నది దాకా వచ్చిందని రాశారు. మిగతా సగం ఎప్పుడు దాటుతుందో రాయలేదు. ఫోను అందని చోటు వెతుక్కుని మరీ వంతెన కట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, ఆయనకి పెళ్ళయి ఉండదు.

ఇక్కడ నేనూ, మొక్కలూ బాగానే ఉన్నాం. బాగా లేనిది మన పికప్. మీరు వెళ్ళినప్పటి నుంచీ దానికి బుద్ధి పుట్టినప్పుడే స్టార్టవుతోంది. తాళం తిప్పితే లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, ఇంజను మాత్రం ఉలకదు పలకదు. పోనీ పూర్తిగా చచ్చిందా అంటే అదీ కాదు. నిన్న వెనక గులాబీ కుండీలన్నీ ఎక్కించుకుని, ఆస్పత్రి తోటకి ఆలస్యమైపోతోందని ఏడుపు మొహంతో కూర్చున్నాను. పక్క బేకరీ ఆయన పిండి చేతులతోనే వచ్చి, ఎక్కి, తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే బుర్రుమంది! పైగా నన్ను చూసి నవ్వాడు.

ఆ బండి సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఏం చేయాలో వెంటనే రాయండి. మొక్కలు ఇంకోసారి ఆలస్యమైతే వేరే నర్సరీ చూసుకుంటానని ఆస్పత్రి తోటమాలి మొహం మీదే చెప్పేశాడు.

ఇట్లు,
మీ ఇంటావిడ

తా.క. పొద్దున్న మరిచిపోయి రెండు గ్లాసుల టీ పెట్టాను. మీ గ్లాసు కూడా నేనే తాగాల్సి వస్తోంది. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడానికి కారణం ఈ టీయేనని చెప్పుకుంటున్నాను.


నర్సరీ మహారాణికి,

నీ ఉత్తరం భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. ఇక్కడ ప్రతివాడూ డాక్టరే. వెల్డరు ఎర్త్ వైరు తుప్పు పట్టిందన్నాడు. మేస్త్రీ గట్టిగా ఒక తన్ను తన్నమన్నాడు. వంటాయన, "ముందు డీజిలుందో లేదో చూసుకోమనండి, పొయ్యి వెలగకపోతే నేను చేసే మొదటి పని అదే" అన్నాడు.

నా లెక్క వేరు. బండి పాతది, బ్యాటరీ టెర్మినళ్ళకి తెల్లగా పొడి పట్టి ఉంటుంది. వేణ్ణీళ్ళు పోసి రుద్ది, గట్టిగా బిగించమని మెకానిక్ బాబాయికి చెప్పు. వెల్డరు మొహం చూసి ఎర్త్ వైరు కూడా మార్పించు. దెబ్బకి దారికొస్తుంది.

అది సరే గానీ, ఈ బేకరీ ఆయనెవరు? నేను బయల్దేరే నాటికి అక్కడ టైలరు షాపుండేది కదా! ఆయన వయసెంత?

ఇక్కడ క్రేను పైనుంచి చూస్తే అవతలి ఒడ్డు మీద ఒక పచ్చటి ముక్క కనిపిస్తుంది. ఎవరి తోటో తెలియదు. రోజూ కాసేపు అటే చూస్తాను.

ఉంటాను,
నీ క్రేను మనిషి

తా.క. పిండి చేతులతో నా స్టీరింగ్ పట్టుకున్నాడా?


ఊరందరికీ ఉత్తరాలు చదివి పెట్టే మహానుభావుడికి,

భోజనాల దగ్గర చదివారా! ఆ టీ సంగతి కూడానా? నాకిప్పుడు ఆ లారీ డ్రైవరు మొహం ఎలా చూడాలో తెలియట్లేదు. అందుకే ఈసారి రెండు కాగితాలు పెడుతున్నాను. ఒకటి బండిది, ఒకటి మీది.

బాబాయి టెర్మినళ్ళు రుద్దాడు, ఎర్త్ వైరు మార్చాడు. ఆ తర్వాత వారమంతా ముసురు పట్టింది. బండి తాళం పెట్టగానే పువ్వులా స్టార్టయింది. మీ వెల్డరుకి దణ్ణాలు చెబుదామని కాగితం తీశాను. అంతలో ఎండ కాసింది. బండి మళ్ళీ మూగబోయింది! బాబాయొచ్చి కూర్చుంటే స్టార్టయింది. ఆయన దిగాక నేనెక్కితే లేదు. "అమ్మాయీ, రోగం బండికా, నీకా?" అని తల గోక్కుంటూ వెళ్ళాడు.

బేకరీ ఆయన మాత్రం చాలా మంచివారు. పిలిస్తే చాలు, పని వదిలేసి వస్తారు.

ఇట్లు,
మీ ఇంటావిడ

తా.క. మీ కాగితం ఒంటరిగా చదువుకోండి.


నా ఆవిడకి,

రెండు కాగితాలు పెట్టడం మంచి ఆలోచనే. కానీ ఏది ఎవరిదో పైన రాయలేదు. నేను భోజనాల దగ్గర బండిదనుకుని మడత విప్పి, "ఇల్లంతా మీ అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటోంది" అని గట్టిగా చదివేశాను. తర్వాతి వాక్యానికి గానీ నాకు తెలివి రాలేదు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ లేచి చేయి కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపటికి గానీ రాలేదు. ఆ సాయంత్రం అందరూ ఇళ్ళకి ఉత్తరాలు రాసుకున్నారు. లారీ డ్రైవరు బరువెక్కువైందని గొణిగాడు.

ఇక బండి. వానలో స్టార్టవుతోంది, ఎండలో అవట్లేదు. అంటే ఎండకి సెల్ఫ్ మోటరు వేడెక్కి పట్టేస్తోందన్నమాట. తాళం తిప్పే ముందు దాని మీద కాసిని చన్నీళ్ళు చల్లి చూడు.

అప్పటికీ లొంగకపోతే, ఇంట్లోంచి బయల్దేరింది మొదలు తాళం తిప్పేదాకా నువ్వేం చేస్తావో వరసగా రాయి. ఒక్కటి కూడా వదలకు. ఆ మంచివారిని మాత్రం పని వదిలి రావద్దని చెప్పు. బ్రెడ్డు మాడిపోతుంది.

నీ,
క్రేను మనిషి

తా.క. "పిలిస్తే చాలు" అన్నావు. ఏమని పిలుస్తావు?


శ్రీవారికి,

"అన్నయ్యగారూ" అని పిలుస్తాను. ఆయన మనవరాళ్ళకే పెళ్ళిళ్ళయ్యాయి. ఆరడుగుల మనిషి, బండెక్కితే తల పైకప్పుకి తగులుతుంది. ఇక నిద్రపోండి.

మీరు చెప్పినట్టే నీళ్ళు చల్లాను. సాయంత్రం మొక్కలకి నీళ్ళు పెడుతూ పెడుతూ, అదే డబ్బాతో ఇంజనుకీ పోశాను. ఎక్కి తాళం తిప్పితే, స్టార్టయింది! సంతోషం పట్టలేక వీధి చివరిదాకా ఊరికే పోయొచ్చాను. మర్నాడు పొద్దున్నే తయారై, నీళ్ళు పోసి, తిప్పాను. లేదు. ఇంకో డబ్బా పోశాను. లేదు. ఇప్పుడు మన నర్సరీలో అందరికన్నా ఎక్కువ నీళ్ళు తాగేది ఆ బండే. పూతొక్కటే తక్కువ.

ఆ రోజు ఆస్పత్రికి వెళ్ళలేకపోయాను. కుండీల్లో మొక్కలు ఎండకి తల వాల్చేస్తుంటే, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. నుదురు హారన్‌కి తగిలి వీధంతా బయటికొచ్చింది. చివరికి అన్నయ్యగారే తన వ్యానులో మొక్కలు దించి, తోటమాలిని బతిమాలుకుని వచ్చారు.

పాత సామాన్లాయన వచ్చి బండి ఇచ్చేయమంటున్నాడు. ఇచ్చేయనా? మీరు లేరు, మీ బండి నా మాట వినదు. దేన్ని చూసుకుని ధైర్యంగా ఉండను చెప్పండి?

వరసగా రాయమన్నారుగా, ఇదిగో. గేటు తీస్తాను. బురద బూట్లు విప్పి చెప్పులు వేసుకుంటాను. వాన రోజైతే బూట్లతోనే ఎక్కేస్తాను, తడి మొక్కలతో పనున్నా అంతే. ఎక్కుతాను. అద్దంలో చూస్తాను. క్లచ్ తొక్కుతాను. దేవుణ్ణి తలుచుకుంటాను. తాళం తిప్పుతాను.

ఇట్లు,
మీ ఇంటావిడ

తా.క. ఇది ఒకటే కాగితం. అందరికీ చదివేయండి. సిగ్గుపడే ఓపిక లేదు.


బంగారూ,

బండి అమ్మకు! దొరికింది!

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే పొద్దున క్రేనెక్కాను. నాకంటే ముందు షిఫ్టులో ఉన్నది కొత్తగా వచ్చిన పొడుగాయన, తాటిచెట్టంత మనిషి. కూర్చుని పెడల్ తొక్కబోతే నా కాలు అందలేదు. సీటు అంత వెనక్కి జరిపేసుకున్నాడు! తిట్టుకుంటూ ముందుకి జరుపుకుంటున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. అంత ఎత్తులో ఒక్కణ్ణే పిచ్చివాడిలా నవ్వుతుంటే, కింద మేస్త్రీ కంగారుపడి నిచ్చెనెక్కాడు.

విను. మన బండిలో క్లచ్ పెడల్ వెనక చిన్న స్విచ్చుంటుంది. పెడల్ పూర్తిగా కిందకి తొక్కితేనే సెల్ఫ్‌కి కరెంటు వెళ్తుంది. నా కాళ్ళకి సరిపోయేలా పెట్టిన సీటులో నువ్వు కూర్చుంటున్నావు. నీ కాలు చివరిదాకా ఆనట్లేదు. బూట్లు వేసుకున్న రోజున ఆ మందపాటి అడుగు వల్ల ఆనుతోంది. వానా కాదు, ఎండా కాదు, నీళ్ళూ కాదు. బాబాయి కాళ్ళలాగే అన్నయ్యగారివీ పొడుగు కాళ్ళు, అంతే. ఆయనకి నా నమస్కారాలు చెప్పు.

సీటు కింద చెయ్యి పెడితే ఒక ఇనప కడ్డీ తగులుతుంది. దాన్ని పైకి లాగి సీటు ముందుకి జరుపు. తుప్పు పట్టి ఉంటే రెండు చుక్కలు నూనె వెయ్యి. ఇన్ని నెలలు అంత వెనక కూర్చుని ఎలా నడిపావే? కడ్డీ ఉందని నీకు తెలియదా?

ఇంకో మాట. ఎలా రాయాలో తెలియక చివరికి దాచాను. నదిలో ఒక స్తంభం కుంగింది. పని వచ్చే వానలు వెళ్ళేదాకా ఉంటుందట. సెలవులూ ఆపేశారు. కోప్పడకు. కోప్పడినా సరే, రాయడం మానకు.

నీ,
క్రేను మనిషి

తా.క. వంటాయన ఇప్పటికీ డీజిలు చూసుకోమనే చెబుతున్నాడు.


నా ఆయనకి,

కడ్డీ ఉందని తెలుసు. తుప్పేమీ పట్టలేదు.

మిమ్మల్ని బస్సెక్కించి వచ్చిన రోజే, బండిలో కూర్చుని దాని మీద చెయ్యి వేశాను. సీటు మీద మీ వీపు ఆనిన చోట గుంట పడి ఉంది. అందులో ఆనుకుంటే వెచ్చగా ఉన్నట్టనిపించింది. సీటు ముందుకి జరిపితే అది ఇక నాదైపోతుంది. నాదైపోతే మీరిప్పట్లో రారని నేనే ఒప్పుకున్నట్టు. వచ్చే నెల వచ్చేస్తారుగా, ఎందుకులే అని చెయ్యి తీసేశాను. ఆ వచ్చే నెల మీ వంతెనలాగే సాగుతూ పోయింది. నేను మునివేళ్ళ మీద క్లచ్ తొక్కుతూనే ఉన్నాను. దానికీ బండి స్టార్టవకపోవడానికీ సంబంధం ఉందని మాత్రం, ఒట్టు, నాకు తోచలేదు.

మీ ఉత్తరం చదివి కాసేపు గుమ్మంలో కూర్చున్నాను. స్తంభం కుంగిందన్న దగ్గర నా మనసూ కొంచెం కుంగింది. తర్వాత లేచి వెళ్ళి కడ్డీ లాగాను. మంచి ఎండ, కాళ్ళకి చెప్పులు. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి లేచింది. బాబాయి చప్పట్లు కొట్టాడు. నేను ఏడవడం చూసి, "స్టార్టయితే ఏడుస్తావేంటి అమ్మాయీ!" అన్నాడు.

ఆ సీటులో అంత దగ్గరగా కూర్చుంటే రోడ్డంతా కొత్తగా కనిపించింది. ఇంత దూరం చూడొచ్చని నాకు తెలియదు. ఆస్పత్రికి మొక్కలు దించేశాను. నర్సరీ తాళాలు అన్నయ్యగారికిచ్చాను, రోజూ నీళ్ళు పెడతానన్నారు. సామాన్ల లారీ పోగలిగిన దారిలో పికప్ ఎందుకు పోలేదు అనుకున్నాను. పోతుంది. ఒక వాగు దగ్గర భయపడింది గానీ, పోయింది.

అందుకే ఈ ఉత్తరం లారీలో రాలేదు. మీ గేటు దగ్గర కాపలా ఆయన చేతికిచ్చి లోపలికి పంపించాను. క్రేను రేలింగు దగ్గరికొచ్చి కిందకి చూడండి. బండికి ఎర్రమట్టి పట్టి రంగు గుర్తుపట్టలేరేమో, చెయ్యి ఊపుతాను.

ఇట్లు,
గేటు బయట,
మీ ఇంటావిడ

తా.క. కాపలా ఆయన "ఎవరు కావాలమ్మా?" అన్నాడు. క్రేను ఆయన అన్నాను. "మీరెవరు?" అన్నాడు. ఆయన భార్యని అనబోయి, చేతిలో బండి తాళం చూసుకున్నాను. డ్రైవర్ని అన్నాను.