బిదియా దారిలో చప్పుడు

మహ్రా నాన్నకి,

పైవాడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా, కబుర్లేమీ లేవు. మనవాళ్ళ మర్యాద ప్రకారం ముందు అలా అనాలి కాబట్టి అన్నాను. ఇక కబుర్లు వినండి.

ఈ ఉత్తరం మీ తమ్ముడు హమూద్ చేత రాయించలేదు. ఆడవాళ్ళ బడిలో ఈ ఏడాది నేర్చుకున్న అక్షరాలతో నేనే కూడబలుక్కుని రాస్తున్నాను. వరసలు ఇసుకలో పాము పోయినట్టున్నాయి. నవ్వుకోండి, కానీ మీ సైనికుల గుడారంలో ఎవరికీ చూపించకండి.

మీరు అడిగినవి ముందు చెబుతాను. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. నల్ల ఒంటె ఈనింది, ఆడపిల్లే, మీరు కోరుకున్నట్టే. మహ్రాకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. మీరున్న సలాలాలో వానలట కదా, మాకు చినుకు లేదు.

ఇక పికప్ సంగతి. నెలాఖరులోగా ఆ చప్పుడేమిటో తేలకపోతే బండిని హమూద్‌కి అప్పగించమని, అతను సంతలో అమ్మేస్తాడని రాశారు. ఆ ముక్క చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. బండి లేకపోతే బిదియా నుంచి నీళ్ళెవరు తెస్తారు? డబ్బా పట్టుకుని మీ మరదలి వాకిట్లో నిలబడటం నావల్ల కాదు. మా నాన్న ఇచ్చిన ఒంటెను ఇచ్చి తెచ్చుకున్న బండి అది, మీకు గుర్తుండే ఉంటుంది.

చప్పుడు నిజంగా ఉంది, నేను కల్పించింది కాదు. ఇక్కడి నుంచి బిదియాకి వెళ్ళేటప్పుడు ఇసుక దిబ్బ దిగగానే నా వెనక ఢక్కుమంటుంది. కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ ఢక్కు ఢక్కు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కిక్కురుమనదు. పోయేటప్పుడు ఏడ్చి వచ్చేటప్పుడు ఊరుకునే బండిని ఎక్కడైనా చూశారా? నాకైతే మతి పోయింది. జాకీ తీసి ఇంట్లో పెట్టాను, తాళ్ళు తీసేశాను, వెనక తలుపుని గుడ్డపేలికలతో బిగించి కట్టాను. అయినా ఢక్కు. అత్తయ్య ఒకసారి నా పక్కన కూర్చుని విని, "ఎవరో ఎక్కించుకోమని తడుతున్నారే, ఆపి అడుగు," అంది. ఆపాను కూడా, ఏం చెయ్యను. చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు.

హమూద్‌ని కూర్చోబెట్టుకుని మన గుడిసెల చుట్టూ తిప్పాను. పక్క సీట్లో ఉన్నంతసేపూ అతనికీ వినిపించింది. సరే, వెనక తొట్టిలో కూర్చుని ఎక్కడి నుంచో చూడవయ్యా అన్నాను. అతని ఒళ్ళు మీకు తెలుసుగా. అతను వెనక చతికిలబడగానే చప్పుడు ఆగిపోయింది. అరగంట తిప్పినా లేదు. దిగొచ్చి, "వదినా, ఇది దొంగ బండి. మనిషిని చూస్తే నోరు మూసుకుంటోంది. అమ్మేద్దాం," అన్నాడు. ఆ మాటే మీ చెవిన వేసి ఉంటాడు.

బిదియాలో గుల్ జమాన్ అని ఒక పఠాన్ మెకానిక్ ఉన్నాడు, గడ్డం నెరిసిన మనిషి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమిటమ్మా సంగతి అని అడిగాడు. నేను అలవాటు కొద్దీ ఏమీ లేదు, అంతా బాగుంది అన్నాను. "ఏమీ లేకపోతే నా దగ్గరికెందుకొచ్చావు తల్లీ?" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఊరంతా తిప్పాడు, చప్పుడు లేదు. రెండోసారీ అంతే. అక్కడ పని చేసేవాళ్ళు నన్ను చూసి మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగానే నా చెవులు పాడయ్యాయేమోనని మహ్రా చేత గుసగుసలాడించి పరీక్ష చేసుకున్నాను కూడా.

మూడోసారి గుల్ జమాన్ బండి ఎక్కలేదు. వెనక ట్యాంకు నుంచి నీళ్ళు కారుతుంటే వాటినే చూస్తూ నిలబడి, ఎప్పుడొచ్చినా ట్యాంకు నిండుగానే ఉంటుందా అని అడిగాడు. ఉండదా మరి? ఊళ్ళోకి వచ్చినవాళ్ళు ముందు నీళ్ళు పట్టుకోకుండా ఇంకో పని పెట్టుకుంటారా? మా అమ్మమ్మ ఒంటె మీద వచ్చిన రోజుల్లోనూ అంతే, తోలుసంచి నిండాకే పలకరింపులు. అతను తల కొట్టుకుని, "రేపు ఖాళీ ట్యాంకుతో రా తల్లీ. ఒక్క రోజుకి దాహంతో చచ్చిపోవులే," అన్నాడు.

నీళ్ళ దగ్గర ఆగకుండా వెళ్ళడానికి నాకెంత కష్టమైందో మీకు వేరే చెప్పక్కర్లేదు. హమూద్ కూడా వచ్చాడు. షెడ్డు వాకిట్లోనే గతుకులో పడి ఢక్కుమంది. నవ్వినవాళ్ళంతా తిరిగి చూశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. గుల్ జమాన్ కిందికి దూరి, టార్చి వేసి నన్నూ వంగి చూడమన్నాడు. వెనక తొట్టిని కింది చట్రానికి బిగించే బోల్టుల్లో ఒకవైపు రెండు లేవు. బరువుంటే తొట్టి అణిగి ఉంటుందట, ఖాళీ అయితే ఎగిరెగిరి చట్రాన్ని కొడుతుందట. వాటంతట అవి ఊడిపోయేవి కావు, ఎవరో పానా పెట్టి విప్పారు అన్నాడు. కొత్తవి బిగించాడు. నాలుగు రోజులైంది, ఖాళీగా తిప్పుతున్నా చప్పుడు లేదు.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఎవరిదో పెళ్ళికి బండిని తీసుకెళ్ళినప్పుడు హమూదే పాడు చేసి ఉంటాడని మీరు రాశారు కదా. అత్తయ్య కూడా అతన్నే తిట్టింది. అతను మహ్రా మీద ఒట్టేసి నాకేం తెలీదన్నాడు, ఎవరూ నమ్మలేదు. పాపం, ఇవాళ భోజనానికి కూడా రాలేదు.

ఆ బోల్టులు విప్పింది నేను.

మీరు పోయినసారి సెలవు అయిపోయి వెళ్ళే రోజున, మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. సాయంత్రం బస్సు. అత్తయ్య ఖర్జూరాలు మూట కడుతోంది. నేను పానా తీసుకుని బండి కిందికి దూరాను. మీరు నాకు చక్రం మార్చడం నేర్పారు గానీ ఏది తీస్తే బండి కదలదో నేర్పలేదు. చక్రాల్లో గాలి తీస్తే నిమిషంలో పట్టేస్తారు. అందుకని చేతికి అందినవి రెండు, పానాకి గొట్టం తగిలించి, బలమంతా పెట్టి విప్పాను. బండి కదలదు, బస్సు తప్పిపోతుంది, ఇంకొక్క రోజు ఉంటారు అనుకున్నాను. మీరు లేచి తాళం తిప్పారు, బండి చక్కగా నడిచింది. వెనక మేకలు, పక్కన మేము, మిమ్మల్ని బస్సెక్కించి నీళ్ళు పట్టుకుని వచ్చాం. బండి నడిచింది కాబట్టి అవి ఎందుకూ పనికిరాని బోల్టులనుకున్నాను. ఇన్నాళ్ళూ చప్పుడు కోసం నిజంగానే వెతికాను, మీ మీద ఒట్టు. ఆ రెండు ఖాళీ బెజ్జాలు చూశాకే నాకు సంగతి అర్థమైంది. రోడ్డు మీద పడిపోయి ఉంటాయి అని గుల్ జమాన్‌తో అబద్ధం చెప్పాను. నా బట్టల పెట్టె అడుగున ఉన్నాయి.

హమూద్‌కి మీరే ఒక ముక్క రాయండి, తప్పు అతనిది కాదని. నా పేరు చెప్పినా సరే. బండి అమ్మొద్దని కూడా రాయండి.

ఇన్నాళ్ళూ నా ఉత్తరాలు మీ తమ్ముడు రాసేవాడు, అతని ముందు ఇలాంటివి ఎలా చెప్పను? మీ ఎదుట కూడా నోరు రాలేదు. ఈసారి సెలవుకి రండి. వెళ్ళే రోజున నేను బండి కిందికి దూరను. ఇంకొక్క రోజు ఉండమని అత్తయ్య వింటున్నా సరే నోటితోనే అడుగుతాను. ఉంటారా?

ఇట్లు,
మీ జవాబు కోసం కాచుకుని ఉండే
మహ్రా తల్లి