పూర్తయినవాటి వరసలో ఒక చీటీ

అక్కకి,

ఫోన్లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. సోమవారం నుంచి మీ ఆస్పత్రి పిల్లల వార్డులోనూ, ఇంకొన్ని ఆస్పత్రుల్లోనూ కొత్త ప్రోగ్రాం పెడుతున్నారు కదా, బిడ్డ బరువు కొడితే మందు మోతాదు చెప్పేది. అది మా టీమ్ రాసిందే. దాన్ని పరీక్షించాల్సింది నేను. పూర్తిగా పరీక్షించలేదు.

ఏడాది కిందట మా డైరెక్టర్ ఇక మనదంతా ఎజైల్ పద్ధతి అన్నాడు. రెండేసి వారాలకి చిన్న ముక్క తయారుచేసుకుని, తప్పుంటే అక్కడే దిద్దుకుని ముందుకెళ్లడం. వినగానే ప్రాణం లేచొచ్చింది. కానీ పైవాళ్లకి ముందే ఒప్పుకున్న తేదీ కావాలి, చిన్న మార్పుకి కూడా తొమ్మిది సంతకాలు కావాలి. మారిందల్లా పొద్దున్నే, ఒక్కో పనీ ఒక్కో చీటీ మీద రాసి అంటించిన బోర్డు ముందు పావుగంట నిలబడటం. ఏం చేశావు, ఏం చేస్తావు, ఏం అడ్డొచ్చింది అని అడుగుతారు. మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. "నీకు రోజూ ఏదో ఒక అడ్డేనా?" అన్నాడు డైరెక్టర్ అందరి ముందూ. ఆ తర్వాత అడ్డేమీ లేదనే చెప్పేదాన్ని.

మొన్న, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల లెక్కలు చూడకుండానే ఆ పని చీటీ తీసి 'పూర్తయినవి' వరసలో అంటించేశాను. ఎవరూ అడగలేదు. అన్నం సయించడం లేదు. ఉద్యోగం మానేస్తాను. నువ్వు మాత్రం ఆ ప్రోగ్రాంని నమ్మకు, మోతాదు చేత్తో లెక్కేసుకో.

నీ చెల్లి

అక్కా,

నిన్న ఫోన్లో నువ్వు తిట్టినా బాగుండేది. "నాకొక్కదానికే చెప్పావు. మిగతా ఆస్పత్రుల్లో నర్సులకి నువ్వు చెల్లెలివి కాదుగా," అని పెట్టేశావు.

ఇవాళ పొద్దున బోర్డు దగ్గర నా వంతు రాగానే ఆ చీటీ పీకి మళ్లీ 'చేయాల్సినవి' వరసలో అంటించాను. "ఇది నేను చూడలేదు. చూశానని అబద్ధమాడాను," అన్నాను. సోమవారం సంగతేంటని డైరెక్టర్ అడిగాడు. తెలీదన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. మా ప్రోగ్రామర్ ఒకాయన ఉన్నాడు, ఎప్పుడూ మాట్లాడడని మౌనిబాబా అంటాం. ఆయన ముందుకొచ్చి, ఆ లెక్క రాసేటప్పుడు తనకీ అనుమానం వచ్చిందని, తేదీ దాటిపోతుందని వదిలేశానని చెప్పాడు.

అక్కడికక్కడే అందరం ఒక కంప్యూటర్ చుట్టూ చేరాం. కిలో కన్నా తక్కువ బరువు కొట్టి చూశాం. ఇవ్వాల్సినదానికి పదింతల మోతాదు చూపించింది. డైరెక్టర్ తనే పైవాళ్లకి ఫోన్ చేసి సోమవారం కుదరదని చెప్పాడు.

నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను, అది న్యాయమే. పరీక్షించే పని ఒక కొత్తమ్మాయికి అప్పగించారు. నేను మానడం లేదు, పక్కన కూర్చుని ఆమెకి నేర్పుతాను. వారంలో అవుతుందా అని డైరెక్టర్ అడిగితే పాపం ఆ పిల్ల నా వైపు చూసింది.

"కాదండీ, మూడు వారాలు పడుతుంది," అన్నాను.

ఆయన మూడు వారాలనే రాసుకున్నాడు.

నీ చెల్లి