నూనె గుడ్డల బుట్ట

మార్చి 9, ఆదివారం
సాయంత్రం నాలుగు గంటలు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వు క్షేమమని నమ్ముతున్నాను. పదకొండేళ్ళుగా నమ్మడమే తప్ప అడిగే మొహం లేకపోయింది. నీ అడ్రసు పిన్ని ఇచ్చింది. ఇక్కడ మేము క్షేమమని రాద్దామంటే ఒంటికి పట్టిన పొగ వాసన ఇంకా వదల్లేదు.

ముందు గది చెక్క నేల బాగుచేయిస్తున్నాం. కాలిన మూలను కప్పిన బీరువాను ఇన్నేళ్ళకు జరిపాం. వడ్రంగి మెషిను పెట్టి ముతక గరుకు కాగితంతో మొదలెట్టి, సన్నదాని దాకా మూడుసార్లు అరగదీశాడు. ఇల్లంతా దుమ్ము. నాన్న కనుబొమలు పిండిలో ముంచినట్టయ్యాయి. నా సంగతి తెలుసుగా, మెషిను ఆగితే చాలు, చీపురు పట్టుకుని దూకేదాన్ని. కాస్త దుమ్ము నాకూ మిగల్చండమ్మా అన్నాడు వడ్రంగి. నువ్వు పెట్టిన సర్దుళ్ళమ్మ పేరు గుర్తొచ్చింది. నల్లమూల కూడా అరిగిపోయి లోపలి చెక్క తేటగా బయటపడింది. ఎంత సంబరపడ్డానో!

ఇవాళ పొద్దున నేలకు అవిసె నూనె పట్టించాడు. తుడిచిన గుడ్డలు కుప్ప వేయొద్దు, విడివిడిగా తీగ మీద ఆరేయండి అని చెప్పి భోజనానికి వెళ్ళాడు. ఆ జిడ్డు గుడ్డలు తీగ మీద వేలాడుతుంటే నాకు మనసొప్పుతుందా? చక్కగా మడిచి, రేకు బకెట్లో కుక్కి, పెరటి మెట్ల మీద పెట్టాను.

రెండు గంటలకు కమురు వాసన వేసింది. వెళ్ళి చూద్దును కదా, బకెట్లోంచి పొగ! దగ్గర్లో అగ్గిపుల్ల లేదు, పొయ్యి లేదు, మనిషి లేడు. చూస్తుండగానే భగ్గుమంది. అప్పుడే తిరిగొచ్చిన వడ్రంగి నీళ్ళు కుమ్మరించాడు. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుందట. గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయట. అందుకే కదండీ విడివిడిగా ఆరేయమని చెప్పింది అని కోప్పడ్డాడు. మెట్ల మీదే కూర్చుని ఆ బకెట్లోకి చూశాను.

ఒరేయ్, ఆ రోజూ ఇంతే కదరా! నాన్న నేలకు ఈ నూనే పట్టించి, గుడ్డలు అక్కడే పరిచి వదిలేశారు. వాటిని మడిచి, వెదురుబుట్టలో కుక్కి, ఆ మూలన పెట్టింది నేనే. మంట ఆర్పబోయి నాన్న వేళ్ళు కాలాయి. గడియారాలు బాగుచేసే ఆ వేళ్ళు మళ్ళీ ఒక్క చిన్న మర పట్టుకోలేకపోయాయి. అందరం నీ సిగరెట్టే అన్నాం. నేను కాల్చలేదు మొర్రో అని, ఇల్లొదిలి గుమ్మం దాటేదాకా మొత్తుకున్నావు. పందొమ్మిదేళ్ళ పిల్లాడివి. ఒక్కరమూ నమ్మలేదు.

నాన్నకు చెప్పాను. వంగని వేళ్ళకేసి చూసుకుంటూ, అయితే వాడు నిజమే చెప్పాడన్నమాట అన్నారు. తర్వాత వెళ్ళి ఆ మూలన, ఇంకా ఆరని నేల మీదే కూర్చున్నారు. ఎంత లేపినా లేవడం లేదు. నువ్వొస్తే లేస్తారేమో. ఒక్కసారి రారా.

ఇట్లు,
నీ సర్దుళ్ళమ్మ అక్క

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. మడిచి దాచే అలవాటు ఉత్తరంలోనూ పోలేదు. నీ చేతిలో సిగరెట్టు చూశానని ఆ రోజు నాన్నకు చెప్పాను కదా. చూడలేదురా. ఆ గదిలోంచి చివరగా బయటికొచ్చింది నేను. ఇందాక లోపల ఎవరున్నారని నాన్న నా వైపు తిరిగేసరికి హడలిపోయి నీ పేరు చెప్పాను. గుడ్డల సంగతి ఇవాళే తెలిసింది. ఈ సంగతి మాత్రం పదకొండేళ్ళుగా తెలుసు. నాన్నకు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు వెళ్ళి, ఆయన పక్కన ఆ నూనె నేల మీదే కూర్చుని, ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపిస్తాను. ఆ తర్వాతే పోస్టు చేస్తాను. ఇది నీ చేతికి అందిందంటే, నాన్న విన్నారని అర్థం.